బొబ్బిలి రాజా సొంత గడ్డ మీదే ఎలా ఓడిపోయారు?

పాతకాగితం:
మా అమ్మమ్మగారి ఊరు బొబ్బిలికి దగ్గరే. కోట ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో, కానీ 1757 యుద్ధం, తాండ్ర పాపారాయుడు తప్ప ఇంకేం తెలీదు. ఆ బొబ్బిలి రాజుల వంశంలోనే రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు అనే ఆయన మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రీమియర్ (ఇప్పటి ముఖ్యమంత్రి లాగా) అయ్యారని మొన్నే చదివాను. 1937 ఎన్నికల్లో అదే బొబ్బిలిలో కాంగ్రెస్ తరఫున నిలబడ్డ వి.వి.గిరి చేతిలో ఓడారట! జమీందారే ఆయన, చుట్టూ ఊళ్లు ఆయనవే, మరి ఓట్లు ఎటు పోయినట్టు?

గోస్తనీ:
ముందు ఆయన పైకి ఎంత త్వరగా వెళ్లారో చూడండి. 1901లో పుట్టారు, 1932 నవంబరులో మునుస్వామి నాయుడిని దించి ప్రీమియర్ అయ్యేనాటికి 31 ఏళ్లే. ఆయనది జస్టిస్ పార్టీ. అది బ్రాహ్మణేతరుల పార్టీ అని చెబుతాం గానీ, అప్పటికి పగ్గాలు జమీందార్ల చేతిలోనే ఉన్నాయి. అదే సమయంలో ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర సగానికి సగం పడిపోతే శిస్తు మాత్రం పాత లెక్కనే కట్టాలి. 1936లో కొన్ని నెలలు కుర్చీని పి.టి.రాజన్‌కి అప్పగించి యూరప్ వెళ్లారు కూడా. రైతు కంటికి అదెలా కనబడి ఉంటుందో మీరే అనుకోండి.

సాలూరు బండి:
అసలు కిటుకు పెట్టెలో ఉంది. 1935 చట్టంతో ఓటర్ల సంఖ్య బాగా పెరిగింది (అందరికీ కాదు లెండి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉన్నాయి), శిస్తు కట్టే రైతులు చాలామంది జాబితాలోకి వచ్చారు. అప్పట్లో ఓటు వేయడానికి ఒక్కొక్కరికీ ఒక్కో రంగు పెట్టె, కాంగ్రెస్‌కి పసుపు పెట్టె. లోపలికెళ్లి కాగితం పసుపు పెట్టెలో వేసి వచ్చేస్తే ఏ గుమాస్తాకీ తెలీదు. మా వైపు ఇంకో ఎస్టేటులో మా ముత్తాత శిస్తు రసీదులు చెదలు తినకుండా రేకు పెట్టెలో దాచేవాడు, కాగితం పోతే రెండోసారి కట్టమంటారని భయం. అలాంటి మనిషి ఓటేసేటప్పుడు ఎంత హాయిగా ఉండి ఉంటుంది! పైగా గిరిగారు రైల్వే యూనియన్లలో తిరిగిన మనిషి, జనంతో మాట్లాడటం తెలుసు.

కొండమీద:
అంతా రాజాగారి మీద వేయకండి. ఆ ఎన్నికల్లో 215 సీట్లకి కాంగ్రెస్‌కి 159 వచ్చాయి, ఆ గాలికి ఎవరు నిలబడతారు? ఆయన చేసుకున్న తప్పు నా లెక్కలో ఒకటే, తాలూకా బోర్డుల్ని రద్దు చేశారు. ఊరి పెద్దలు చిన్న చిన్న పదవులు అనుభవించేది అక్కడే, పార్టీకి చేతులూ కాళ్లూ వాళ్లే. మంత్రుల జీతం నెలకి నాలుగు వేల పైచిలుకు, కాంగ్రెస్ వాళ్లేమో అయిదొందలు చాలన్నారు. ఇక చెప్పేదేముంది. అయినా అక్కడితో ఆయన కనుమరుగైపోలేదు, రాజ్యాంగ సభలోనూ కూర్చున్నారు, 1978 దాకా ఉన్నారు.

పాతకాగితం:
థాంక్సండీ. ఇంట్లో అటక మీద రేకు పెట్టె ఒకటి ఉంది, అమ్మమ్మ ఎవర్నీ తియ్యనివ్వదు. ఈసారి వెళ్లినప్పుడు అడుగుతాను.

సాలూరు బండి:
చెదలు చూసి తియ్యండి బాబూ, ఆ కాగితాలు వేలితో ముట్టుకుంటే పొడైపోతాయి.