అప్‌డేట్: కాక్లియర్ ఇంప్లాంట్ లోపల బ్యాటరీయే ఉండదట!

పోయిన వారం అడిగాను కదా, మా అక్క కూతురికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి బాగా తక్కువగా ఉన్నవాళ్లకి ఆపరేషన్ చేసి లోపల పెట్టే పరికరం) పెట్టాలంటున్నారు, లోపల బ్యాటరీ అయిపోతే మళ్లీ ఆపరేషనా అని. నిన్న ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణురాలు) దగ్గర ఇదే అడిగితే నవ్వేసింది. ఇప్పుడు మామూలుగా పెట్టేవాటిలో బ్యాటరీ చెవి వెనక తగిలించుకునే ప్రాసెసర్‌లోనే ఉంటుందట, దాన్నుంచి వైరు తల మీద అయస్కాంతంతో అతుక్కునే బిళ్ళలాంటి కాయిల్‌కి వెళ్తుంది, ఆ కాయిల్ చర్మం పైనుంచే లోపలి కాయిల్‌కి కరెంటూ సిగ్నలూ రెండూ పంపేస్తుంది, ఫోన్ వైర్‌లెస్ చార్జర్ టైపులో అన్నమాట. బిళ్ళ తీస్తే వినపడదు, అంతే.

గుండెకి పెట్టే పేస్‌మేకర్‌కీ ఇలాగే బయటినుంచి పవర్ ఇవ్వొచ్చుగా అని ఒకరడిగారు. ఇంప్లాంట్ చిన్నదై, లోతు పెరిగేకొద్దీ అందే పవర్ దారుణంగా పడిపోతుందండీ, చెవి దగ్గర మధ్యలో కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి నడుస్తోంది. అయినా 2014లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో అడా పూన్ అనే ఇంజనీర్ టీమ్ బియ్యపు గింజ కన్నా చిన్న పేస్‌మేకర్‌ని కుందేలులో పెట్టి బయటినుంచే పవర్ ఇచ్చి నడిపించారు. కాకపోతే గుండెకి బిళ్ళ ఊడిపోతే? ఆలోచిస్తేనే భయం.

మా అక్కకి ఇప్పుడు బ్యాటరీ బెంగ పోయింది, పిల్ల ఆ బిళ్ళ పీకి ఎక్కడ పారేస్తుందో అని కొత్త బెంగ మొదలైంది.