మొదటి ఆర్కిడ్: ఫాలనాప్సిస్ కొనాలా, డెండ్రోబియం కొనాలా?

కొత్తకుండీ (హైదరాబాద్):
మాది మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. హాల్లో తూర్పు కిటికీ ఉంది, వెనకవైపు పడమటి బాల్కనీ. ఇప్పటిదాకా మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ తప్ప ఏమీ పెంచలేదు. అమ్మ పుట్టినరోజుకి ఆర్కిడ్ కొనాలనుంది. నర్సరీలో ఒకాయన ఫాలనాప్సిస్ అయితే ఇంట్లోనే బతుకుతుందన్నారు. పక్కనే ఉన్న ఇంకొకాయన, మన ఎండలకి డెండ్రోబియం తప్ప ఏదీ నిలవదన్నారు. పూలు రాలాక పారేసే మొక్క వద్దు, ఏళ్ల తరబడి ఉండాలి. ఏది తీసుకోమంటారు?

మేడతోట (విశాఖపట్నం):
డెండ్రోబియమే అండీ. దాని లావుపాటి కాడల్లో నీరు నిల్వ ఉంటుంది. రెండు రోజులు ఊరెళ్లినా ఏమీ కాదు. వేడిని తట్టుకుంటుంది. మేడ మీద గ్రీన్ నెట్ కింద ఆరేళ్లుగా పెంచుతున్నాను. పాత కాడలు ఎండినట్టు కనిపించినా కొయ్యకండి, వాటి కొసల్లోంచి కూడా మళ్లీ పూస్తాయి. ఫాలనాప్సిస్ కూడా రెండు కొన్నాను. పూలు రాలాక మూడేళ్లు ఆకులే తప్ప ఒక్క పూకొమ్మ రాలేదు. కొత్తవాళ్లకి ఆ నిరాశ ఎందుకు?

తూర్పుకిటికీ (హైదరాబాద్):
మేడతోట గారూ, మీ మేడకి మీ మాట నిజమే. కానీ అడిగినవారికి మేడ లేదు. ఉన్నది ఒక కిటికీ, ఒక పడమటి బాల్కనీ. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం పడమటి ఎండ 40 డిగ్రీల వేడితో, పొడిగాలితో వస్తుంది. మీ సముద్రపు గాలిలోని తేమ ఇక్కడ లేదు. పోనీ డెండ్రోబియాన్ని హాల్లో పెడదామంటే వెలుతురు చాలదు. పచ్చగా ఉంటుంది గానీ పూయదు.

మీ ఫాలనాప్సిస్ ఎందుకు పూయలేదో ఊహించగలను. పూకొమ్మ రావాలంటే దానికి కొన్ని వారాలపాటు 25 డిగ్రీల లోపు చల్లదనం తగలాలి. 28 దాటి ఉన్నంతకాలం అది ఆకులే వేస్తుంది. వేడికి చచ్చిపోయే మొక్క కాదు, వేడిలో పూయని మొక్క. మీరు దాన్ని మూసిన గదిలో ఉంచారా? నా మొక్క నవంబరు నుంచి తెరిచిన కిటికీ పక్కన ఉంటుంది. డిసెంబరులో పూకొమ్మ వేస్తుంది, పూలు ఏప్రిల్ దాకా నిలుస్తాయి. ఈ విషయంలో మన దక్కను చలికాలం మనకు వరం.

కొత్తకుండీ గారూ, ఒక పరీక్ష చేయండి. ఉదయం పదింటికి కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద చెయ్యి నీడ పడనివ్వండి. నీడ అంచులు మసకగా ఉంటే ఫాలనాప్సిస్ చోటు. కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటే డెండ్రోబియం చోటు. పువ్వును చూసి కాదు, ఇంట్లోని వెలుతురును చూసి మొక్కను ఎంచుకోండి.

మేడతోట:
అవునండీ, దోమల భయంతో ఆ మొక్క ఉన్న గది కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతాం. ఈ చలికాలం మొక్కను బయట పెట్టి చూస్తాను. అయినా ఇంట్లో ఆర్కిడ్ పోయేది ఎక్కువగా నీళ్ల వల్లే. ఆ తప్పును డెండ్రోబియం కొంత ఓర్చుకుంటుంది, ఫాలనాప్సిస్ ఓర్చుకోదు. నా మాట మీద నేనున్నాను.

మన్యంపిల్ల (పాడేరు):
ఇంత డబ్బు పోసి కొనడం ఎందుకు? మా వైపు మామిడి చెట్ల మీద వాండా ఆర్కిడ్లు ఉంటాయి. బదనికలే కదా, పీకితే చెట్టుకీ మంచిదే. ఎవరైనా వస్తే రెండు తీసుకెళ్లండి.

వృక్షశాస్త్రం_పాతమేష్టారు (రాజమహేంద్రవరం):
అమ్మా, అవి బదనికలు కావు. బదనిక చెట్టులోకి వేరు దించి దాని రసం పీల్చుకుంటుంది. ఆర్కిడ్ బెరడును పట్టుకుని నిలబడుతుందంతే. వానా, గాలీ, బెరడు మీద పేరుకున్న ఆకుల తుక్కూ దాని ఆహారం. పీకితే బెరడుకు అంటుకున్న వేర్లు తెగిపోతాయి, తెచ్చిన మొక్క ఎక్కువసార్లు బతకదు. రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా తేవడం నేరం కూడా. దయచేసి వాటిని చెట్టు మీదే ఉండనివ్వండి. నర్సరీలో దొరికేవి ఎక్కువగా టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే ల్యాబులో మొక్క ముక్క నుంచి పెంచినవి. వాటిని కొనుక్కోవచ్చు.

ఈ చెట్టు మీది బతుకు అర్థమైతే కుండీ సంగతి కూడా అర్థమవుతుంది. ఆర్కిడ్ వేరు మీద స్పాంజి లాంటి తెల్లని పొర ఉంటుంది. తడిస్తే క్షణాల్లో పీల్చుకుని పచ్చబడుతుంది, ఆరాక వెండిరంగుకు తిరుగుతుంది. ఆ వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టిలో పెడితే ఊపిరాడక కుళ్లుతుంది. పైన్ బెరడు, బొగ్గు, కొబ్బరి డిప్ప ముక్కలు చాలు. వేర్లు కనిపించే పారదర్శకమైన కుండీ తీసుకోండి. వారానికి ఎన్నిసార్లు పొయ్యాలని లెక్క పెట్టుకోకుండా, వేర్లు వెండిరంగులోకి వచ్చాకే పొయ్యండి. మే నెలలో అది రెండు రోజులకే కావచ్చు, ఆగస్టు ముసురులో వారం దాటవచ్చు.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి. చాలా ఫాలనాప్సిస్ మొక్కలకు వేర్ల నడుమ తడి నాచు ముద్ద ఉంటుంది. పైన ఆరినట్టుంటుంది, లోపల నానుతూనే ఉంటుంది. పూలు రాలాక దాన్ని తీసేసి కుండీ మార్చండి. ఆకుల నడుమ నీరు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది. అడవిలో అది ఆకులు కిందికి వేలాడేలా పెరుగుతుంది గనక వాన దానంతటదే జారిపోతుంది. కుండీలో మనం నిటారుగా నిలబెడతాం, కాబట్టి ఆ నీటిని మనమే గుడ్డతో అద్దాలి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే వేరు కొసలు మాడతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి.

కొత్తకుండీ:
నీడ పరీక్ష చేశాను. హాల్లో మసకగానే పడింది. ఫాలనాప్సిస్ తీసుకుంటున్నాను. రోజూ నీళ్లు పొయ్యకుండా ఉండలేను అంటోంది అమ్మ! వేర్లు పచ్చగా ఉన్నంతసేపు చెంబు ముట్టుకోవద్దని చెప్పాను. ఎరువు సంగతి చెప్పగలరా?

తూర్పుకిటికీ:
19-19-19 అని, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు దొరుకుతుంది. లీటరుకు అర గ్రాము చాలు, రెండు వారాలకోసారి. వేర్లను ముందు మామూలు నీళ్లతో తడిపి, తర్వాత ఇవ్వండి.

మేడతోట:
కిటికీకి దోమతెర పెట్టించుకోండి, చలికాలం రాత్రుళ్లు తెరిచి ఉంచొచ్చు. పూకొమ్మ కనపడ్డాక కుండీని తిప్పకండి, అది వెలుతురు వైపు వంగుతూ పెరుగుతుంది, తిప్పితే మెలికపడుతుంది. పూశాక ఫొటో పెట్టండి, అమ్మగారితో సహా.