కార్డు అప్పు తీరేదాకా ఫ్రెండ్స్‌ని మానేయాలా?

మియాపూర్_మెట్రో:

అందరికీ నమస్తే. నాకు 28 ఏళ్లు, హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగం, చేతికి 46,000 వస్తుంది. నాన్న మోకాలి ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ వాళ్లు సగం బిల్లే ఇచ్చారు. మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకున్నా, అదీ చాలక కార్డులు గీకాల్సి వచ్చింది. ఇప్పుడు లోన్ 2,10,000 ఉంది, ఈఎంఐ 7,700, ఇంకా 33 నెలలు కట్టాలి. రెండు కార్డుల మీద కలిపి 1,38,000. వాటికి ప్రతి నెలా మినిమమ్ డ్యూ, అంటే 6,900 దాకా కడుతున్నా.

ఫ్లాట్‌లో నా వాటా కరెంటుతో కలిపి 9,500, తిండికి 5,000, ఇంటికి 8,000, మెట్రో, ఆటో, ఫోన్ అన్నీ కలిపి 3,000. అంతా పోగా నా చేతిలో 5,900 మిగలాలి, కానీ ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి ఏమీ ఉండదు, మళ్లీ కార్డే.

మా ఇంజినీరింగ్ బ్యాచ్ ఆరుగురం ఇక్కడే ఉన్నాం. శనివారం వచ్చిందంటే గచ్చిబౌలి వైపు ఎక్కడో ఒకచోట కూర్చోవడం, తర్వాత బిల్లు ఆరు ముక్కలు చేసి యూపీఐ రిక్వెస్ట్ పంపడం. నేను తాగను, అయినా నా ముక్క 1,200కి తగ్గదు. ఇప్పుడు అందులో ఒకడికి మార్గశిరంలో రాజమండ్రిలో పెళ్లి, దానికి ముందు గోవాలో బ్యాచిలర్ పార్టీ అంటున్నారు, మనిషికి 15,000 అట. నా అప్పు సంగతి వాళ్లెవరికీ తెలియదు. రెండేళ్లు అందరికీ దూరంగా ఉండి మొత్తం తీర్చేయాలా, లేక మధ్యే మార్గం ఏదైనా ఉందా? ఇంట్లో చెబితే నాన్న బాధపడతారు, కాబట్టి ఆ సలహా వద్దు ప్లీజ్.

వడ్డీలెక్క:

తమ్ముడూ, గోవా సంగతి తర్వాత, ముందు కార్డు చూడు. కార్డు వడ్డీ నెలకు 3.6 శాతం అనుకుందాం (నీ స్టేట్‌మెంట్‌లో ఎంతుందో చూసుకో, చాలా కార్డులకి దీనికి అటూ ఇటూగానే ఉంటుంది). 1,38,000 మీద నెలకు 4,968. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 894. మొత్తం 5,862. నువ్వు కట్టే 6,900లో అసలుకి జమయ్యేది వెయ్యి రూపాయల చిల్లర, అంతే. ఆ వెయ్యి కూడా నెలాఖరున మళ్లీ గీకుతున్నావు కాబట్టి అప్పు కదలడం లేదు. ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల అరవై పైసల వడ్డీకి అప్పిస్తానంటే నీ మొహం ఎలా పెడతావో ఊహించుకో, రెండు రూపాయలంటేనే వద్దనుకుంటాం కదా.

ఇంకోటి చాలామందికి తెలియదు. పాత బాకీ మొత్తం కట్టకుండా ముందుకు జరుపుతున్నంత కాలం కొత్తగా గీకిన దానికి ఆ నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు వర్తించదు. గీకిన రోజు నుంచే వడ్డీ. అంటే శనివారం నీ 1,200 నిజానికి 1,200 కాదు.

చేయాల్సింది ఒక్కటే, ఆ 1,38,000ని తక్కువ వడ్డీలోకి మార్చడం. జీతం పడే బ్యాంకులో అడుగు. 16 శాతానికి రెండేళ్లకి ఇచ్చినా ఈఎంఐ 6,760 దగ్గర వస్తుంది. ఇప్పుడు కట్టే మినిమమ్ కంటే తక్కువే! అదే డబ్బుతో రెండేళ్లలో బాకీ ఉండదు. బ్యాంకు ఇవ్వనంటే కార్డు వాళ్లనే అడిగి ఈఎంఐగా మార్పించుకో, కానీ అక్కడ వడ్డీ మీద జీఎస్టీ కూడా పడుతుంది, మామూలు లోన్ వడ్డీ మీద పడదు. కాబట్టి రెండు చోట్లా ఒకే శాతం చెప్పినా రెండూ ఒకటి కావు. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే ఎంత ఛార్జీ, రెండూ అడుగు. ఇప్పుడు లోన్ ఇచ్చే ముందు ఖర్చులన్నీ కలిపి వార్షిక శాతం ఎంతో రాసిన కాగితం ఒకటి ఇవ్వాలి, 2024 అక్టోబర్ నుంచి ఆర్బీఐ రూల్ అది. ఫోన్లో చెప్పే మాట కాదు, ఆ కాగితం చూసి సంతకం పెట్టు.

రాయలసీమ_రఫ్:

ఇన్ని లెక్కలెందుకు బ్రో. అప్పున్నోడికి గచ్చిబౌలి ఏంది? ఆరు నెలలు గ్రూప్ మ్యూట్ చేసి ఇంట్లో కూర్చో. నిజమైన ఫ్రెండ్స్ అయితే ఆరు నెలల తర్వాత కూడా ఉంటారు, లేకపోతే పోయిందేమీ లేదు. నేను అట్లాగే తీర్చినా.

కూకట్‌పల్లి_అక్క:

రఫ్ గారూ, మీకు పనిచేసి ఉండొచ్చు, కానీ ఆయన తీర్చాల్సింది ఆరు నెలల్లో తీరే అప్పు కాదు, రెండు మూడేళ్లు పట్టేది. అన్నేళ్లు ఎవరినీ కలవకుండా ఒక గదిలో ఉండి ఫోన్ చూసుకుంటే ఏమవుతుందో నేను చూశాను. మా తమ్ముడు అలాగే కడుపు మాడ్చుకుని ఉండి, ఒక బోనస్ వచ్చిన వారంలో మొత్తం తగలేశాడు. పైగా ఈ ఫీల్డ్‌లో తర్వాతి ఉద్యోగం ఎక్కువగా ఫ్రెండ్ ఇచ్చిన రిఫరల్‌తోనే వస్తుంది. జీతం పెరగాలంటే మనుషులు కావాలి.

మియాపూర్ గారూ, నా అనుభవంలో ఎక్కడ కూర్చోవాలో డిసైడ్ చేసేవాడి చేతిలోనే బిల్లు ఉంటుంది. ఇన్నాళ్లూ వేరేవాళ్లు ప్లాన్ వేస్తే మీరు వెళ్తున్నారు. ఇప్పటినుంచి బుధవారమే మీరు గ్రూప్‌లో ప్లాన్ పెట్టండి, శుక్రవారం దాకా ఆగితే ఎవడో ఒకడు టేబుల్ బుక్ చేసేస్తాడు. ఈ శనివారం మన ఫ్లాట్‌లో చికెన్, వంట నాది, మీరు ఉల్లిపాయలు కోయండి అనండి. ఆరుగురికి వండుకుంటే మనిషికి 150 దాటదు, తాగేవాళ్లు వాళ్లవి వాళ్లు తెచ్చుకుంటారు, దాంతో ఆ పేచీ కూడా ఉండదు. ఇంకో వారం బంజారాహిల్స్‌లో లామకాన్, అక్కడ చాలా ప్రోగ్రాములకు టికెట్టే ఉండదు, చాయ్ సమోసాతో సాయంత్రం గడిచిపోతుంది. రవీంద్రభారతిలో కూడా ఊరికే చూసే కార్యక్రమాలు చాలా ఉంటాయి, మన వయసు వాళ్లు ఎందుకో అటు తొంగి కూడా చూడరు. గోల్కొండ టికెట్ పాతిక రూపాయలు. పొద్దున్నే లేవగలిగితే కేబీఆర్ పార్క్ చుట్టూ నడిచి ఇడ్లీ తిని రండి, మీ బ్యాచ్ లేస్తుందని నాకు నమ్మకం లేదనుకోండి.

మా ఆడవాళ్ల బ్యాచ్ అయితే మహాలక్ష్మి (ఆర్టీసీలో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు) వచ్చాక ఆధార్ కార్డు పట్టుకుని పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో ఎక్కేస్తున్నాం. యాదగిరిగుట్ట వెళ్లొచ్చినా ఖర్చు ప్రసాదానికే. మీకు ఆ అదృష్టం లేదు, సారీ.

వాళ్లు బయటే కలుద్దామంటే అన్నిసార్లూ వద్దనకండి. ఇంట్లో తిని తొమ్మిదికి వెళ్లండి, ఒక లైమ్ సోడా తాగండి, మీ సోడా డబ్బులు అక్కడికక్కడే కట్టేయండి. బిల్లు వచ్చాక "నాది కట్టేశా" అనడం, ఆరు ముక్కలయ్యాక "నేను తాగలేదుగా" అనడం కంటే వెయ్యి రెట్లు తేలిక.

మియాపూర్_మెట్రో:

వడ్డీలెక్క అన్నా, స్టేట్‌మెంట్ తీసి చూశా, ఒక కార్డుకి 3.5, ఇంకోదానికి 3.75. నా నెల వడ్డీ నేను ఫ్రెండ్స్‌తో పెట్టే ఖర్చు కంటే ఎక్కువ! ఇన్నాళ్లూ శనివారాల్నే తిట్టుకుంటున్నా.

అక్కా, ప్లాన్ నేనే వేయడం బాగుంది, మా రూమ్మేట్‌కి వంట కూడా వచ్చు. కానీ పెళ్లి, గోవా? పెళ్లికొడుకు కాలేజీలో ఫస్టియర్ నుంచి నా రూమ్మేట్. నాన్న హాస్పిటల్‌లో ఉన్నప్పుడు రెండు రాత్రులు కూర్చున్నది వాడే.

గోదారి_గట్టు:

పెళ్లి గురించి నేను చెబుతా, మాది ఆ వైపే. పెళ్లికి వెళ్లు, గోవా మానెయ్యి. హాస్పిటల్‌లో రాత్రంతా కూర్చున్నవాడికి గోవాకి రాలేదని కోపం రాదు, పెళ్లికి రాకపోతే మాత్రం జన్మలో మర్చిపోడు.

చదివింపుల విషయంలో సిగ్గుపడకు. మీ ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా చదివింపుల పుస్తకం ఉంటుంది కదా, అందులో వాళ్ల ఇంటి పేరు మీద ఎంత రాసుందో మీ అమ్మగారిని అడుగు. ఎంతుంటే అంత, మహా అయితే ఒక వంద ఎక్కువ. మీ ఇంటికి వాళ్లు ఎప్పుడూ రాకపోతే 516 చదివించినా ఎవరూ ఏమీ అనరు. మా వైపు మైకులో పేరు చదువుతారని భయపడి 5,000 చదివించే కుర్రాళ్లను చూశా, ఆ సాయంత్రమే పెళ్లికొడుకు మేనమామ దగ్గర బస్సు ఛార్జీలకి చేబదులు అడిగాడు ఒకడు. బ్యాచ్ అంతా కలిసి ఒకే గిఫ్ట్ ఇస్తే ఇంకా మంచిది, ఎవరెంత వేశారో పెళ్లివాళ్లకి తెలియదు.

ప్రయాణానికి గౌతమి ఎక్కు, లింగంపల్లిలో బయల్దేరుతుంది, నీకు దగ్గర. స్లీపర్ నాలుగొందల లోపే. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ముహూర్తాల సీజన్‌లో ఆ రోజే చేయకపోతే వెయిటింగ్ లిస్టే, తర్వాత ప్రైవేటు బస్సు వాడు అడిగినంత ఇచ్చుకోవాలి. బట్టలు కొత్తవి కొనకు, పెళ్లికొడుకుని తప్ప ఇంకెవరినీ ఎవరూ చూడరు.

నిజాంపేట్_నాని:

బ్రో సింపుల్, మాకు తెలిసినాయన దగ్గర 2 లక్షల చీటీ ఉంది, చేరి రెండో నెలే పాడుకో, కార్డు క్లోజ్. లేదా ఏదైనా లోన్ యాప్, పది నిమిషాల్లో అకౌంట్‌లో పడుతుంది.

వడ్డీలెక్క:

నాని, రెండూ వద్దు. చీటీ రెండో నెలలో పాడుకోవాలంటే తక్కువకి పాడాలి, పోయిన ఆ తేడా అంతా వడ్డీ కిందే లెక్క. పైగా "తెలిసినాయన" చీటీకి రిజిస్ట్రేషన్ ఉండదు, ఆయన ఒక రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్లిపోతే నువ్వు ఏ ఆఫీసుకి వెళ్తావు? ఇప్పటికే ఒక చీటీ సగం కట్టి ఉంటే పాడుకుని కార్డు తీర్చమని నేనే చెప్పేవాణ్ని, కొత్తగా చేరడం వేరు. యాప్ గురించి మాట్లాడను, పేపర్ చదివేవాళ్లకి తెలుసు. ఆర్బీఐ రికవరీ వాళ్లని ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయొద్దంది, ఆ దొంగ యాప్‌ల వాళ్లకి ఆ గడియారమే లేదు.

మియాపూర్, ఇంకో మాట. కార్డు వాళ్లో మధ్యవర్తులో ఫోన్ చేసి "సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అంటే ఎగిరి గంతేయకు. సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే నీ అప్పుల రికార్డులో, "సెటిల్డ్" అని పడితే రేపు ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు ఆ ఒక్క మాట చాలు. నువ్వు నెలనెలా కట్టగలుగుతున్నావు, నీకు ఆ అవసరం లేదు.

కూకట్‌పల్లి_అక్క:

లోన్ మారాక ఆరు వేలు మిగులుతాయి కదా, అందులో సరదాలకి 2,500 పెట్టుకోండి, మిగతాది విడిగా ఉంచండి, నాన్నగారి మందులకో దేనికో అవసరం పడుతుంది. నేను ఒకటో తారీఖునే ఆ డబ్బు యూపీఐ లైట్‌లో వేస్తాను, అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు. అయిపోతే ఆ నెలకి అంతే.

రాయలసీమ_రఫ్:

పిన్ అడగదు కాబట్టి లైట్‌లో ఉంటే పదో తారీఖుకే ఖాళీ అయితాది అక్కా. నాకట్లనే అయింది. క్యాష్ డ్రా చేసి కవర్‌లో పెట్టుకోమను.

కూకట్‌పల్లి_అక్క:

ఈ ఒక్క విషయంలో మీతో ఒప్పుకుంటా :)

మియాపూర్_మెట్రో:

అప్‌డేట్. జీతం పడే బ్యాంకు మొదట 17 అంది, శనివారం బ్రాంచ్‌కి వెళ్లి మాట్లాడితే 15.5కి ఒప్పుకున్నారు, రెండేళ్లకి. ఫీజు పోను చేతికి వచ్చేది కార్డులకి సరిపోయేలా కొంచెం ఎక్కువే అడిగా.

పెళ్లికొడుక్కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పా. వాడు కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "గోవా నాకూ ఇష్టం లేదురా, పెళ్లి ఖర్చుకే మా నాన్న పొలం కాగితాలు పెట్టాడు, వాళ్లంతా అంటుంటే వద్దనలేకపోయా" అన్నాడు. ఇప్పుడు గోవా బదులు పెళ్లికి రెండు రోజుల ముందే వెళ్లి పాపికొండలు బోటు ఎక్కుదాం అనుకుంటున్నారు. ఒకడు మాత్రం అలిగి గ్రూప్‌లో నుంచి వెళ్లిపోయాడు, వాడికి ఫ్లైట్ టికెట్లు బుక్ అయిపోయాయట, ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

ఒక డౌట్. లోన్ డబ్బు పడ్డాక రెండు కార్డులూ క్యాన్సిల్ చేయాలా, ఒకటి ఉంచుకోవాలా?

వడ్డీలెక్క:

వార్షిక ఫీజు ఉన్నది మూసెయ్యి, పాతది, ఫీజు లేనిది ఉంటే ఉంచుకో, సిబిల్‌కి మంచిది, కానీ ఫుడ్ యాప్‌ల నుంచి ఆ కార్డు నంబర్ తీసెయ్యి. బ్యాలెన్స్ కట్టాక కూడా వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో మిగిలిన వడ్డీ కొంచెం పడుతుంది, అది చూసి కంగారుపడకు, కట్టేసి బాకీ సున్నా అయ్యాకే మూయమని మెయిల్ పెట్టు. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, దాటితే రోజుకి 500 వాళ్లే నీకు కట్టాలి. కస్టమర్ కేర్ అమ్మాయి ఇంకో కార్డు ఫ్రీ అంటుంది, వద్దని చెప్పి పెట్టెయ్యి.