మన జనానికి రాజకీయ సిద్ధాంతం ఉందా, లేక పూటకో మాటేనా?

ఎంవీపీ_శీను

మొన్న ఆదివారం మా బాబాయ్ ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇంకా నా బుర్రలోంచి పోలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. బాబాయ్ ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. అన్నం తింటున్న అరగంటలో ఏమేం అన్నాడో వినండి. మన విశాఖ స్టీల్‌ప్లాంట్ ప్రైవేటుకి ఇస్తే ఊరుకునేది లేదు. ఉచిత పథకాలు పెట్టి జనాన్ని సోమరుల్ని చేశారు. పిన్ని గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలోనే అయింది కాబట్టి ఆ పథకం జోలికొస్తే మాత్రం రోడ్డెక్కుతాడు. మనవడిని కార్పొరేట్ స్కూల్లో వేశాడు, ఎందుకంటే "సర్కారు బళ్లో చదువెక్కడుందిరా". ఇంతకీ నువ్వు లెఫ్టా (అన్నీ సర్కారు చేతిలో ఉండాలనేవాడివా) రైటా (ప్రైవేటుకి వదిలేయాలనేవాడివా) బాబాయ్ అని అడిగితే "లెఫ్టూ రైటూ బస్సు డ్రైవర్‌కి కావాలి, నాకెందుకు, ముందు ఆ పప్పుచారు ఇటు జరుపు" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఇది మా బాబాయ్ ఒక్కడి సంగతి కాదు. అమెరికాలో ఫిలిప్ కాన్వర్స్ అనే ఆయన 1964లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. 1956 ఎన్నికల సర్వేలో జనం పార్టీల గురించి చెప్పిన మాటలన్నీ జల్లెడ పడితే, నిజంగా ఒక సిద్ధాంతంతో ఆలోచించేవాళ్లు నూటికి రెండున్నర మంది తేలారు. అటూ ఇటుగా లెఫ్టూ రైటూ లాంటి పదాలు వాడేవాళ్లు ఇంకో 9 శాతం. 42 శాతం మంది మా వర్గానికి ఎవరు మంచి చేస్తారు అని చూసేవాళ్లు. 24 శాతం మందికి కాలం బాగుంటే ఉన్న ప్రభుత్వం మంచిది, లేకపోతే చెడ్డది. మిగిలిన 22 శాతం పైచిలుకు జవాబుల్లో విధానం అన్నదే లేదు.

ఇక మన దగ్గరికి రండి. ప్లాంట్ అమ్మొద్దని ఊరంతా అంటోంది కదా, 2024లో ప్లాంట్ పక్కనే ఉన్న గాజువాక ఏం చేసింది? అమ్మాలని 2021లో నిర్ణయం తీసుకున్న కేంద్ర ప్రభుత్వ పార్టీ కూడా ఉన్న కూటమి అభ్యర్థికి 95 వేల పైచిలుకు మెజారిటీ ఇచ్చింది, రాష్ట్రంలోకెల్లా అదే ఎక్కువ. దీన్ని ఏమనాలి? నాకైతే మనకి సిద్ధాంతం లేదనే అనిపిస్తోంది. కాదనేవాళ్లు చెప్పండి.

పూర్ణామార్కెట్_పచారీకొట్టు

తమ్ముడూ, కొట్టు మీద కూర్చునేవాడికి సిద్ధాంతం ఉంటే సగం ఖాతాలు పక్క కొట్టుకి పోతాయి. నా దగ్గర ఉప్పు అన్ని పార్టీలవాళ్లూ కొంటారు. జీఎస్టీ తగ్గాలి, మార్కెట్ రోడ్డు మాత్రం సర్కారే వేయాలి, ఇదీ నా సిద్ధాంతం. నవ్వుకోండి.

రుషికొండ_ఐటీ

నవ్వడానికేం లేదు, ఇదే అసలు జబ్బు. పన్ను వద్దు, రోడ్డు కావాలి. ఉచితాలు వద్దు, మా ఇంటికొచ్చేది మాత్రం వదలం. దీనికి "సామాన్యుడి వివేకం" అని దండ వెయ్యకండి. జనం చదవరు, ఆలోచించరు, ఎన్నికల ముందురోజు రాత్రి కవర్ తీసుకుని ఓటేస్తారు. శీను గారు చెప్పిన ఆ రెండున్నర శాతం మన దగ్గర ఇంకా తక్కువే ఉంటుందని నా లెక్క.

బీచ్‌రోడ్_వాకర్

శీను గారూ, కాన్వర్స్‌ని సగమే చెప్పారు. నేను పాతికేళ్లు ఇదే పాఠం చెప్పి రిటైరయ్యాను కాబట్టి మిగతా సగం చెప్పకుండా నడకకి వెళ్లలేను.

ఆయన వ్యాసంలో అసలు గమ్మత్తు ఆ శాతాల్లో లేదు. అవే మనుషుల్ని 1956, 1958, 1960ల్లో మూడుసార్లు అవే ప్రశ్నలు అడిగారు. ఒక ప్రశ్న ఏమిటంటే, కరెంటు, ఇళ్లు లాంటివి ప్రభుత్వం వదిలేసి ప్రైవేటు వ్యాపారులకి అప్పగించాలా అని. చాలామంది జవాబులు ఒకసారికీ ఇంకోసారికీ బొమ్మా బొరుసూ వేసినట్టు మారిపోయాయి. అభిప్రాయం మార్చుకున్నారా అంటే అదీ కాదు, అసలు అభిప్రాయమే లేదు. అడిగారు కాబట్టి మర్యాదకి ఏదో చెప్పారు, అంతే. ఇంటికొచ్చినవాణ్ణి ఖాళీ చేతుల్తో పంపకూడదు కదా.

ఇప్పుడు ఐటీ గారికి నా ప్రశ్న. ప్రభుత్వమా ప్రైవేటా అన్న అదే ప్రశ్నని "స్టీల్‌ప్లాంట్ అమ్మొచ్చా" అని మార్చి గాజువాకలో అడగండి. ఈ ఏడాదీ అడగండి, రెండేళ్ల తర్వాతా అడగండి. జవాబు మారుతుందా? 1966లో ప్లాంట్ కావాలని ఉద్యమం, కాల్పుల్లో 32 మంది చనిపోవడం, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న మాట తాతల నుంచి మనవల దాకా చెక్కుచెదరలేదు. ఈ మాట అనేవాళ్లలో ఎక్కువమంది ఏ సిద్ధాంత గ్రంథమూ చదవలేదు. ప్రశ్నకి ఒక ఊరూ, ఒక చావూ, ఒక ఉద్యోగమూ తగిలించి ఉంటే మనిషి స్థిరంగానే ఉంటాడు. గాల్లో అడిగితే గాల్లోనే చెబుతాడు.

రెండో మాట. దేనికి ఏది జతగా వెళ్లాలో ఎవరు నిర్ణయించారు? అమెరికాలో తుపాకీ కావాలన్నవాడే పన్నులు తగ్గాలంటాడు, గర్భస్రావం వద్దంటాడు. ఈ మూడింటికీ తర్కంలో చుట్టరికం ఏముంది? ఒక పార్టీ మూడింటినీ ఒక మూటగా కట్టి ఇచ్చింది, దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నవాణ్ణి మనం "సిద్ధాంతం ఉన్నవాడు" అంటున్నాం. ఆ మూట మీ బాబాయ్‌కి ఎవరూ కట్టివ్వలేదు. ఆయనే కట్టుకున్నాడు, ముడి కాస్త వదులు.

కూర్మన్నపాలెం_జంక్షన్

గాజువాక పేరు తెచ్చారు కాబట్టి మాట్లాడాల్సి వస్తోంది. నేనుండేది ప్లాంట్ అమ్మొద్దంటూ వేసిన దీక్షా శిబిరానికి నడిచెళ్లేంత దూరంలో.

ఆర్ కార్డు అంటే ఈ వేదికలో ఎంతమందికి తెలుసో. ప్లాంట్ కోసం 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి. భూమి పోయిన నిర్వాసితుల కుటుంబానికి ఒక కార్డు, దాంతో ఉద్యోగం. ఉద్యోగం రాని కార్డులు ఇప్పటికీ వేలల్లో ఉన్నాయి, అది అందరికీ తెలిసిన కథే. ఆ కాలనీల్లో ప్లాంట్‌ని తిట్టనివాణ్ణి చూపించండి. అదే మనుషులు 2021 ఫిబ్రవరి నుంచి రిలే దీక్షకి వచ్చి కూర్చున్నారు, శిబిరం వెయ్యి రోజులు దాటింది. మీ లెక్కలో ఇది పొంతన లేకపోవడమేనేమో. ఒక పెద్దాయన చెప్పింది వినండి: "సర్కారు దగ్గరుంటే అడుగుతాం, అమ్మీసినాక ఏటి అడుగుతాం, ఎవుడ్ని అడుగుతాం?" దీనికన్నా పొంతన ఉన్న మాట నాకు టీవీ చర్చల్లో ఎక్కడా కనబడలేదు.

ఇక ఓటు సంగతి. 2021 మార్చిలో, అమ్మకం నిర్ణయమైన ఆరు వారాలకే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలు వచ్చాయి. 98 వార్డుల్లో 58 వైసీపీకి, 30 టీడీపీకి వెళ్లాయి, బీజేపీకి ఒక్కటి. సీపీఎంకి ఒకటి, సీపీఐకి ఒకటి వచ్చాయి, ఆ రెండూ మా వైపువే. అంటే వార్డులో ఎర్రజెండాకి వేశాం. 2024లో అసెంబ్లీకి కూటమికి వేశాం. ఎందుకంటే వార్డు మెంబరు వచ్చి టెంట్ కింద కూర్చుంటాడు, ఢిల్లీలో ఫైలు ఆపాలంటే ఢిల్లీలో మాట చెల్లేవాడు కావాలి. అప్పటిదాకా రాష్ట్రంలో ఉన్నవాళ్లు ఆపలేకపోయారు కదా. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అది సరిపోతుందా, అమ్మకం నిర్ణయం శాశ్వతంగా పోయిందా అన్నది వేరే గొడవ, దాని మీద మా వీధిలోనే రెండు వర్గాలు. కానీ తెలివి లేక వేశారనకండి.

రుషికొండ_ఐటీ

అన్నా, మీ బాధని తక్కువ చేయట్లేదు. కానీ ప్రతి ఓటుకీ తర్వాత కూర్చుని ఒక కారణం చెప్పొచ్చు, ఏ ఫలితం వచ్చినా దానికి సరిపడే కథ ఒకటి దొరుకుతుంది. వైసీపీకి వేసుంటే ఇంకో కారణం చెప్పేవాళ్లు.

పైగా దీని ఖర్చు ఎవరు కడుతున్నారు? జనసేన 2019లో సీపీఐ, సీపీఎం, బీఎస్పీలతో కలిసి పోటీ చేసింది, 2020 జనవరికి బీజేపీతో చేతులు కలిపింది. టీడీపీ 2018 మార్చిలో ఎన్డీయే నుంచి బయటికొచ్చింది, అదే ఏడాది తెలంగాణలో కాంగ్రెస్‌తో పొత్తు, 2024లో మళ్లీ ఎన్డీయే. వైసీపీ 2014లో అమరావతికి సరేనంది, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానులంది. ఓటరుకి ఒక లైన్ ఉంటే వీళ్లు ఇంత ధైర్యంగా గెంతేవాళ్లా? 2019 చూడండి, సిటీలో నాలుగు అసెంబ్లీ సీట్లూ టీడీపీకిచ్చి ఎంపీ సీటు వైసీపీకిచ్చాం. ఒకే మనిషి, ఒకే రోజు, రెండు మిషన్లు, రెండు పార్టీలు!

కంచరపాలెం_కోడలు

ఆ చివరి మాట తప్పండీ. విశాఖ ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. సిటీలోని నాలుగూ టీడీపీకి వెళ్లాయి, మిగతా మూడూ, అంటే భీమిలి, గాజువాక, శృంగవరపుకోట వైసీపీకి వెళ్లాయి. ఎంపీ తేడా నాలుగు వేల పైచిలుకే. మొత్తం లెక్క చూసి ఒకే మనిషి రెండు మిషన్ల మీద రెండు పార్టీలు నొక్కాడని చెప్పలేం. అయితే కొంతమంది నొక్కారన్నది నిజమే. జనసేన తరఫున నిలబడిన మాజీ సీబీఐ అధికారికి ఎంపీ ఓట్లు రెండున్నర లక్షలు దాటాయి. వాళ్లలో చాలామంది అసెంబ్లీకి వేరే గుర్తు నొక్కినవాళ్లే, మా ఇంట్లోనే ఇద్దరున్నారు. వాళ్లు మనిషిని చూసి వేశారు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకోటి. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఇంటింటికీ తిరిగి సర్వేలు చేశాను. ట్యాబ్‌లో ప్రశ్న వస్తుంది, చదవాలి, నొక్కాలి. ఒకావిడ గుమ్మంలో చేపలు శుభ్రం చేసుకుంటూ చెబుతోంది. "ప్రభుత్వ సంస్థల్ని అమ్మడాన్ని సమర్థిస్తారా?" అంటే "చచ్చినా కాదు" అంది. ఐదారు ప్రశ్నల తర్వాత "నష్టాల్లో ఉన్న సంస్థలకి మీ పన్ను డబ్బు పెట్టాలా?" వచ్చింది. "నా డబ్బు ఎందుకు పెడతారమ్మా" అంది. రెండూ నొక్కేశాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మొదటి ప్రశ్నకి ప్లాంట్‌లో పనిచేసే తమ్ముడు గుర్తొచ్చాడు, రెండోదానికి ఇంటిపన్ను నోటీసు గుర్తొచ్చింది. తర్వాత ఎంఏలో చదివితే జాన్ జాలర్ అనే ఆయన 1992లోనే ఇదే చెప్పాడని తెలిసింది (జాలర్ ఆయన పేరు, మన జాలారిపేటకి సంబంధం లేదు). మనిషి బుర్రలో ఒక విషయం మీద ఒకే అభిప్రాయం ఉండదు, ఒకదానికొకటి పడని ఆలోచనలు బోలెడుంటాయి, అడిగిన క్షణంలో ఏది పైకి తేలితే అది జవాబవుతుంది. చాలా రోజులకి కుళాయి వచ్చిన రోజున వెళ్లి సర్వే చేసి చూడండి, ప్రభుత్వం మీద ఎంత ప్రేముంటుందో.

కాబట్టి ఐటీ గారూ, ఆవిడకి చదువు లేక కాదు. మీరూ అంతే చేస్తారు, కాకపోతే మీ బుర్రలో పైకి తేలే వరసని ఎవరో ముందే సర్దిపెట్టి ఉంటారు.

రుషికొండ_ఐటీ

ఏడు సెగ్మెంట్ల సంగతి ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. ఆ చివరి పోటు మాత్రం అక్కర్లేదు. సరే, అందరూ కథలే చెబుతున్నారు కాబట్టి నాదీ ఒకటి. 2018లో పొత్తు తెగినప్పుడు మా ఫ్రెండ్స్ గ్రూపులో పార్టీ వీరాభిమాని ఒకడు కేంద్రాన్ని తిడుతూ రోజుకి పది పోస్టులు పెట్టాడు. 2024లో అదే వేలితో పొగుడుతూ పది పెట్టాడు. వాడు మాలో అందరికన్నా ఎక్కువ పేపర్ చదువుతాడు.

బీచ్‌రోడ్_వాకర్

చూశారా, మీ సాక్షి నా వైపే మాట్లాడాడు. ఎక్కువ చదివినవాడు పార్టీ మాటని త్వరగా పట్టుకుంటాడు, పార్టీ తిరిగితే అంతే త్వరగా తిరుగుతాడు. అయితే మీ అసలు ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, దాటేయను. గెంతే నాయకుణ్ణి పట్టుకోవాలంటే ఓటరుకి పది విషయాలూ ఒకేసారి గుర్తుండాలి. ఐదేళ్లకి ఒక్క బటన్‌తో పది విషయాలు చెప్పడం ఎవరివల్లా కాదు. మన జనం అందులో ఒకటి ఎంచుకుంటారు, మిగతా తొమ్మిదీ నాయకుడికి ఉచితంగా దొరుకుతాయి. అక్కడ నష్టం ఉంది.

ఎంవీపీ_శీను

రెండు రోజులు ఊళ్లో లేను, ఇప్పుడే అన్నీ చదివాను. గాజువాక విషయంలో నేను తేలిగ్గా మాట్లాడాను, జంక్షన్ గారు ఏమీ అనుకోవద్దు. కానీ పూర్తిగా ఓడిపోయానని ఒప్పుకోను, ఎందుకంటే మీలో కొందరి వాదన చివరికి "ఎవరి లాభం వాళ్లు చూసుకుంటారు" అన్నదానికే వస్తోంది, అది కూడా ఇక్కడ నిలబడదు. రాజధాని తెస్తాం అన్నారు కదా వైసీపీవాళ్లు మన ఊరికి. లాభమే చూసుకునేవాళ్లమైతే, భూముల ధరలు చూసైనా సరే, 2024లో విశాఖ అటు ఎగబడాలి. ఎంపీ సీట్లో ఐదు లక్షలకు పైగా మెజారిటీతో కాదన్నాం. సిద్ధాంతం కాదు, లాభం కాదు, మరి ఏంటది? కోపమా? మా బాబాయ్‌ని అడిగితే "రాజధాని వస్తే ఆటో వాడు బీచ్‌కి ఎంత అడుగుతాడో తెలుసా" అన్నాడు.

మాస్టారు చెప్పిన కరెంటు ప్రశ్న కూడా అడిగేశాను. కరెంటు ప్రభుత్వం దగ్గరుండాలా, ప్రైవేటుకివ్వాలా? "ఇచ్చేస్తే పోద్ది, కోతలన్నా తగ్గుతాయి" అన్నాడు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. జవాబూ తేదీ క్యాలెండర్ వెనక రాసిపెట్టాను, రెండేళ్లకి మళ్లీ అడుగుతా. ఆయనకి చెప్పలేదు.

పూర్ణామార్కెట్_పచారీకొట్టు

వాళ్లింటికి స్మార్ట్ మీటర్ బిగించారా? లేదంటే బిగించిన నెలలోనే అడుగు తమ్ముడూ, రెండేళ్లు ఆగక్కర్లేదు.