జర్మనీలో నెలకు 992 యూరోలు: పార్ట్‌టైమ్ జీతాన్ని ముందే లెక్కలో వేసుకోవచ్చా?

విజయవాడ నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయికి జర్మనీలో ఎమ్మెస్ సీటు రెండు చోట్ల వచ్చింది. ఒకటి మ్యూనిక్‌లో, మరొకటి కెమ్నిట్జ్‌లో. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు జమ చేయాలని, అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే చేతికి వస్తాయని తెలిసింది. మొదటి ఏడాదికి ఆ డబ్బు చాలునని, రెండో ఏడాది ఖర్చులు పిల్లలే పార్ట్‌టైమ్ చేసి సంపాదించుకుంటారని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. బ్యాంకు నుంచి ఎంత రుణం తీసుకోవాలో ఈ నెలలోనే తేల్చుకోవాలి. ఇంకా రాని జీతాన్ని బడ్జెట్‌లో వేసుకోవడం సబబేనా?

మ్యూనిక్‌లో మాస్టర్స్ విద్యార్థి:
సబబు కాదనే నా అభిప్రాయం. ముందుగా ఆ 992 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. జర్మన్ ప్రభుత్వం తన విద్యార్థులకిచ్చే బాఫోగ్ సాయం గరిష్ఠ మొత్తమే అది; అందులో ఇంటి అద్దె కింద లెక్కకట్టింది 380 యూరోలు. విద్యార్థి వసతి గృహం దొరికితే తప్ప ఆ ధరకు మ్యూనిక్‌లో గది దొరకడం కల్ల. గది 700 అనుకోండి, ఆరోగ్య బీమా సుమారు 140. ఇక తిండికి, ఫోనుకు, ప్రయాణాలకు మిగిలేది 150 చిల్లర. పైగా అద్దెకు దిగేటప్పుడు యజమాని మూడు నెలల మూల అద్దె (హీటింగ్ వంటి ఖర్చులు కలపని అద్దె) వరకు డిపాజిట్ అడగవచ్చు, దానికి చట్టం ఒప్పుకుంటుంది. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు కూడా దిగిన మర్నాడే రాదు. చిరునామా నమోదు, బ్యాంకు ఖాతా అన్నీ పూర్తయ్యేదాకా చేతి డబ్బుతోనే నెట్టుకురావాలి. సీటు మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో అయితే మరో మాట: 2024 శీతాకాల సెమిస్టర్ నుంచి అక్కడ యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చి కొత్తగా చేరేవారికి ఫీజు ఉంది, మాస్టర్స్‌కు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోల దాకా.

కెమ్నిట్జ్‌లో చదువుతూ పనిచేస్తున్న విద్యార్థి:
పై మిత్రులు మ్యూనిక్ అద్దెలు చూపించి జర్మనీ మొత్తాన్ని భయపెడుతున్నారు. ఇక్కడ విద్యార్థి వసతి గృహంలో గది 300 యూరోలకు అటూ ఇటూగా దొరుకుతుంది, వంట ఇంట్లోనే చేసుకుంటే 992లో నెలనెలా ఎంతో కొంత మిగులుతుంది కూడా. పని విషయానికొస్తే, ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయడానికి చట్టమే అనుమతిస్తోంది. కనీస వేతనం 2025లో గంటకు 12.82 యూరోలు, 2026 జనవరి నుంచి 13.90. వారానికి 10 గంటలు చేసినా నెలకు 550 యూరోలకు పైగా వస్తాయి. దీన్ని పూర్తిగా సున్నా అనుకుని రెండేళ్ల ఖర్చుకూ అప్పు చేయమనడం మధ్యతరగతి తండ్రి నెత్తిన అక్కర్లేని వడ్డీ మోపడమే అవుతుంది.

మ్యూనిక్‌లో మాస్టర్స్ విద్యార్థి:
గంటకు ఎంత వస్తుందన్న దాని మీద నాకు పేచీ లేదు, ఆ పని ఏ నెల నుంచి దొరుకుతుందన్నదే ప్రశ్న. జర్మన్ భాష రానివారికి మొదటి సెమిస్టర్‌లో దొరికేవి చాలావరకు గోదాము పనులు, డెలివరీ పనులు. చదువుకు సంబంధించిన పని దొరకడానికి సమయం పడుతుంది. నైట్ షిఫ్టు చేసి ఉదయం క్లాసులో కునికిపాట్లు పడితే పరీక్ష పోతుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక్కో పరీక్షకు మూడు అవకాశాలే ఇస్తారు. చదువు ఒక్క సెమిస్టర్ వెనకబడితే ఆరు నెలల జీవన వ్యయం, అంటే 992 చొప్పున 5,952 యూరోలు అదనం. మీరు చెప్పిన పది గంటల పనితో అంత కూడబెట్టడానికి దాదాపు 11 నెలలు పడుతుంది. రెండో ఏడాది నివాస అనుమతి పొడిగించుకునేటప్పుడు మళ్లీ డబ్బు చూపించాల్సిందే. "ముందు ముందు సంపాదిస్తాను" అంటే ఆ అనుమతి ఇచ్చే కార్యాలయంలో ఎవరూ వినరు.

హైదరాబాద్‌లో విద్యా రుణాల విభాగంలో పనిచేసినవారు:
ఇద్దరూ మంజూరునూ విడుదలనూ ఒకటిగా చూస్తున్నారు. రుణం రెండేళ్ల ఖర్చుకూ మంజూరు చేయించుకోండి, కానీ అవసరమైనప్పుడే విడతలుగా తీసుకోండి. విడుదలైన మొత్తం మీదే వడ్డీ పడుతుంది, మంజూరైన మొత్తం మీద కాదు. అమ్మాయికి మంచి పని దొరికితే రెండో విడత తగ్గించుకోవచ్చు. మధ్యలో డబ్బు చాలక రుణం పెంచమని అడిగితే మాత్రం హామీ పత్రాల పని మళ్లీ మొదటికొస్తుంది. మారకపు రేటునూ మరవకండి: 11,904 యూరోలకు, యూరో 90 రూపాయలైతే 10.71 లక్షలు, 100 అయితే 11.90 లక్షలు. ఆ తేడాకు సరిపడా కాస్త ఎక్కువకే మంజూరు అడగండి.

విజయవాడ నుంచి ఒక తండ్రి:
విడతల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, కృతజ్ఞతలు. ఇక కెమ్నిట్జ్ వైపే మొగ్గుతున్నాం. బ్లాక్డ్ అకౌంట్ కాక విడిగా ఎంత పంపితే మంచిది?

కెమ్నిట్జ్‌లో చదువుతూ పనిచేస్తున్న విద్యార్థి:
విడతల పద్ధతి అయితే నాకూ సమ్మతమే, అయినా రెండో సెమిస్టర్ నుంచి సగం జీతమైనా లెక్కలో వేసుకోవచ్చనే ఇప్పటికీ అంటాను. ఇక మీ ప్రశ్న. ఇక్కడి అద్దెలకైతే డిపాజిట్, మొదటి నెల అద్దె, సెమిస్టర్ రుసుము, దుప్పట్లు, గిన్నెలు కలిపి 1,500 యూరోలు ఫారెక్స్ కార్డులో ఉంటే ఇబ్బంది పడరు. వసతి గృహానికి అడ్మిషన్ లెటర్ చేతికందిన రోజే దరఖాస్తు పెట్టించండి, వెయిటింగ్ లిస్టు ఉంటుంది. సామానులో చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ, కారప్పొడులు పెట్టండి. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, చికెన్ పచ్చడి మాత్రం వద్దు; పాల, మాంస పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి తెచ్చుకోనివ్వరు, కస్టమ్స్ వారికి కనబడితే అక్కడే తీసేసుకుంటారు.