ఏషియన్ అంటే మనమా, చైనా వాళ్ళా? (పెళ్ళి భోజనాల్లో మొదలైన గొడవ, ఒడిశా తెలుగువాళ్ళ మధ్య)

బరంపురం బావ:
మొన్న మా ఇంట్లో పెళ్ళి. ఇంగ్లండు లెస్టర్ నుంచి మేనకోడలు, న్యూజెర్సీ నుంచి తోడల్లుడు వచ్చారు. భోజనాల దగ్గర మేనకోడలు "మా వీధి చివర ఏషియన్ కొట్టులో గోంగూర కూడా దొరుకుతుంది మామయ్యా" అంది. తోడల్లుడు నవ్వాడు. "ఏషియన్ కొట్టులో గోంగూరేంటమ్మా? అక్కడ ఉండేవి చేపల సాసు, నూడుల్స్. గోంగూర కావాలంటే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాలి." అంతే, గారెలు చల్లారాయి గానీ వాళ్ళు చల్లారలేదు. ఎవరిది రైటు? తెలుగులో ఆ మాట ఎలా రాయాలి?

గుణుపురం మాస్టారు:
ఇందులో చర్చేముంది? ఆసియా ఖండంలో పుట్టినవాడు ఆసియావాసి. సౌదీ వాడూ, సైబీరియా వాడూ, జపాన్ వాడూ, మనమూ. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇదే చెప్పాను. మ్యాపు చూసుకోండి.

పర్లాకిమిడి పంతులు:
ముందు "ఏషియన్" అని రాయడం మానండి. తెలుగులో ఆసియా అని ఎప్పుడో స్థిరపడింది. ఆసియావాసి అనండి, ఆసియా ప్రజలు అనండి.

కొరాపుట్ కాఫీ:
పంతులుగారూ, ముందు గోంగూర సంగతి తేలనివ్వండి.

రాయగడ అక్క:
బావగారూ, ఇద్దరిదీ రైటే. ఎవరి ఊరి మాట వాళ్ళు మాట్లాడారు.

కెన్యా, ఉగాండాల్లో మనవాళ్ళని మొదట ఇండియన్లే అనేవారు. 1947లో దేశం రెండయ్యాక పాకిస్తాన్ వాళ్ళని ఇండియన్లు అనలేరు కదా, అందరికీ కలిపి ఏషియన్ అన్నారు. 1972లో అక్కడి నియంత ఇదీ అమీన్ తొంభై రోజుల గడువిచ్చి వాళ్ళని ఉగాండా నుంచి తరిమాడు. చాలామంది లెస్టర్ చేరారు. రావద్దని ఆ ఊరి కౌన్సిల్ ఉగాండా పత్రికలో ప్రకటన వేసినా వచ్చారు. మీ మేనకోడలి వీధిలో కొట్టు వెనకాల ఇంత కథ ఉంది. అక్కడ జనం నోట ఏషియన్ అంటే ఇప్పటికీ మన వైపు వాళ్ళే. జనాభా లెక్కల్లో చైనా వాళ్ళని ఆ గడిలోకి తెచ్చింది 2011లోనే.

అమెరికాలో వేరు. అక్కడ 1968లో కాలిఫోర్నియాలోని బర్క్లీ యూనివర్సిటీ విద్యార్థులు "ఓరియంటల్" (తూర్పువాళ్ళు) అనే పాత మాట మాకొద్దని, "ఏషియన్ అమెరికన్" అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. ముందు నిలబడింది జపాన్, చైనా, ఫిలిప్పీన్స్ మూలాల వాళ్ళు. మనవాళ్ళయితే 1970 లెక్కల్లో తెల్లవాళ్ళ కింద ఉన్నారు, 1980లో గానీ "ఏషియన్ ఇండియన్" గడి రాలేదు. అంతకుముందు 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ పౌరసత్వం అడిగితే, నువ్వు తెల్లవాడివి కాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

గుణుపురం మాస్టారు:
పదిమంది తప్పుగా వాడితే తప్పు ఒప్పయిపోతుందా అమ్మా? ఖండం ఖండమే.

రాయగడ అక్క:
ఆ ఖండం పేరు మాత్రం మనం పెట్టుకున్నామా మాస్టారూ? గ్రీకులు మొదట ఆసియా అన్నది ఇప్పటి టర్కీ పడమటి కొసని. అక్కడి నుంచి సాగి సాగి మనదాకా వచ్చింది. మన సంకల్పంలో ఉన్నది జంబూద్వీపే, భరతవర్షే.

కొరాపుట్ కాఫీ:
అయితే వీసా ఫారంలో జంబూద్వీపం అని రాస్తాను. ఏ గేటు దగ్గర ఆపుతారో చూద్దాం.

బరంపురం బావ:
మా తాత గోపాలపూర్‌లో ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు. అక్కడ తెలుగువాళ్ళందరినీ "కొరంగీ" అనేవారట. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరది. ఆయన జన్మలో ఆ రేవు చూడలేదు!

మోహనా కుర్రాడు:
మా పక్క ఒడిశా చంద్రగిరిలో 1960ల నుంచి టిబెట్ వాళ్ళున్నారు కదా. నాతో చదివినవాడు ఇక్కడే పుట్టాడు, ఒడియా నాకంటే బాగా మాట్లాడతాడు. బరంపురం బజారులో దిగితే "ఏయ్ చైనా" అంటారు. చైనా మూలంగానే వాళ్ళ తాత ఊరొదిలి వచ్చాడు. మాస్టారి లెక్కలో అందరూ ఆసియావాసులేగా, మరి ఇదేంటి?

విశాఖ విహారి:
ఒడిశా వాళ్ళకి తెలుగు మాటల పంచాయితీ ఎందుకో!

పర్లాకిమిడి పంతులు:
ఒడిశా వాళ్ళమా? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలో. తెలుసుకుని మాట్లాడు బాబూ.

రాయగడ అక్క:
పంతులుగారూ, ఆయన ఉండి ఉంటే జనం నోట ఉన్న "ఏషియన్"ని కొట్టేసేవారంటారా?

పర్లాకిమిడి పంతులు:
అది వేరే విషయం.

గుణుపురం మాస్టారు:
విహారిగారూ, ఆ మాట నాకు కొత్త కాదు. శ్రీకాకుళం వైపు ఒక కాలేజీలో చేరితే హాస్టల్లో నా పేరు "ఒరియా". ఇక్కడ ఉద్యోగంలో చేరితే స్టాఫ్ రూంలో "ఆంధ్రా మాస్టారు", కోపమొస్తే "తెలెంగా" (ఒడియాలో తెలుగువాడని). రిటైర్మెంట్ రోజున దండ వేస్తూ కూడా ఒకాయన "ఇక మీ ఊరు వెళ్ళిపోతారా సార్" అని అడిగాడు. మా ఊరు గుణుపురమయ్యా! మా ఇల్లు బడికి నాలుగు వీధుల అవతల. మావాళ్ళు ఎక్కడికీ పోలేదు. 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి మమ్మల్ని తీసి ఒరిస్సాలో కలిపారు. అక్కగారు వాడుక, వాడుక అంటున్నారు. వాడుకంటే ఇదే. ఎవడి నోటికొచ్చింది వాడు పిలవడం. అందుకే నేను మ్యాపు వదలను.

రాయగడ అక్క:
మాస్టారూ, కోప్పడకండి. మిమ్మల్ని అటూ ఇటూ కాకుండా చేసింది ఆ మ్యాపే కదా! వాడుకలో ఉన్నదంతా మంచిదని నేననలేదు. కోర్టు థింద్‌ని ఏమందో అదొకటి, బర్క్లీ పిల్లలు తమని తాము ఏమనుకున్నారో అదొకటి. రెండూ పేర్లే. నాకు రెండోది కావాలి.

గుణుపురం మాస్టారు:
ఎవరికి వారు పేరు పెట్టుకుంటే సరిపోదమ్మా, ఎదుటివాడు ఆ పేరుతో పిలవాలి కదా. నలభై ఏళ్ళు చెప్పుకున్నాను, ఎవరు పిలిచారు?

మోహనా కుర్రాడు:
మా టిబెట్ వాడిని ఇప్పుడే అడిగాను, నిన్ను ఏమని పిలవాలిరా అని. "చంద్రగిరి వాడు అను చాలు, స్వెటర్ కొంటావా లేదా" అన్నాడు.

గుణుపురం మాస్టారు:
తెలివైనవాడు. చలికాలం వస్తే నాకూ ఒకటి పట్టి ఉంచమను. గుణుపురం మాస్టారికని చెప్పు.

బరంపురం బావ:
తోడల్లుడు న్యూజెర్సీ చేరి ఫోటో పంపాడు. కొరియా వాళ్ళ కొట్టు. పైన ఏషియన్ మార్కెట్ అని బోర్డు. లోపల తోటకూర పక్కన గోంగూర కట్టలు. మేనకోడలికి మాత్రం చూపించొద్దన్నాడు.

పర్లాకిమిడి పంతులు:
బోర్డు ఇంగ్లీషులో ఉంది కాబట్టి వదిలేస్తున్నాను.