అవుట్‌లుక్ 2010 పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది, ఎలా వదిలించుకోవాలి?

వన్‌టౌన్_గుమాస్తా:
నమస్కారమండీ. విశాఖ వన్‌టౌన్‌లో ఒక క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పనిచేస్తున్నాను. ఆఫీసు మెయిల్ అంతా ఒకే డెస్క్‌టాప్‌లో చూస్తాం. విండోస్ 7, అవుట్‌లుక్ 2010. సోమవారం నుంచి పాస్‌వర్డ్ అడిగే చిన్న డబ్బా వచ్చి కూర్చుంది. కొడతాను, ఓకే నొక్కుతాను, పోతుంది, రెండు క్షణాల్లో మళ్లీ ప్రత్యక్షం. ఇరవై సార్లు కొట్టి ఉంటాను. ఫోన్‌లో మాత్రం జీమెయిల్ హాయిగా తెరుచుకుంటోంది. షిప్పింగ్ లైన్ల అరైవల్ నోటీసులు, డెలివరీ ఆర్డర్లు అన్నీ దీనికే వస్తాయి. ఇప్పుడు ఫోన్‌లో చూసి పక్క జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుంటున్నాం. కంటైనర్‌కి ఫ్రీ డేస్ (అదనపు ఛార్జీ లేకుండా ఇచ్చే గడువు రోజులు) దాటిపోతాయేమోనని మా సారుకి టెన్షన్, సారుని చూసి నాకు టెన్షన్.

మధురవాడ_కోడర్:
అంకుల్, ముందు పాస్‌వర్డ్ కొట్టడం ఆపేయండి. మీరు కొట్టేది తప్పు కాదు, ఆ ప్రోగ్రాం పాతబడింది. పాత పద్ధతిలో అవుట్‌లుక్ మీ పాస్‌వర్డ్‌ని తన దగ్గరే దాచుకుని, మెయిల్ కోసం వెళ్లిన ప్రతిసారీ సర్వర్‌కి చూపించేది. మామూలు జీమెయిల్ ఖాతాలకు గూగుల్ 2022 మే 30 నుంచి దాన్ని ఆపేసింది. కొత్త పద్ధతి పేరు ఓఆత్ 2. ఇందులో ప్రోగ్రాం గూగుల్ వాళ్ల లాగిన్ పేజీనే తెరుస్తుంది. మీరు అక్కడ లాగిన్ అయి, ఫోన్‌లో 'అవును నేనే' అంటే, గూగుల్ ఆ ప్రోగ్రాంకి ఒక టోకెన్ ఇస్తుంది. మీ లైన్‌లో చెప్పాలంటే లారీ డ్రైవర్ చేతికి గోడౌన్ తాళం ఇవ్వకుండా గేట్ పాస్ రాసివ్వడం లాంటిది. అవుట్‌లుక్ 2010కి ఈ గేట్ పాస్ సంగతి తెలియదు. దానికి సపోర్ట్ 2020 అక్టోబర్‌లోనే ముగిసింది.

వన్‌టౌన్_గుమాస్తా:
బాబూ, చాలా బాగా చెప్పావు. కానీ 2022లో ఆపేస్తే పోయిన శుక్రవారం దాకా ఎలా నడిచింది?

సీతమ్మధార_రిటైర్డ్:
మంచి ప్రశ్న. నాకు తెలిసి ఒక్కటే జవాబు ఉంది. 2022లో మీ ఆఫీసుకి ఎవరో వచ్చి 'యాప్ పాస్‌వర్డ్' పెట్టి వెళ్లి ఉంటారు. పదహారు అక్షరాలు ఉంటుంది, నాలుగేసి చొప్పున నాలుగు ముక్కలుగా చూపిస్తుంది. పాత ప్రోగ్రాంల కోసం గూగుల్ ఉంచిన దొడ్డిదారి అది. ఖాతా అసలు పాస్‌వర్డ్ మారిస్తే ఆ యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దయిపోతాయి. ఈమధ్య ఎవరైనా మార్చారా?

వన్‌టౌన్_గుమాస్తా:
అయ్యా, మీకు దండం. శనివారం ఏదో హెచ్చరిక వచ్చిందని మా సారే ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చారట. నాకు చెప్పలేదు! ఇప్పుడే సొరుగు వెతికితే పాత బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీల కింద అట్టముక్క దొరికింది. దాని మీద నాలుగు ముక్కల ఇంగ్లిష్ అక్షరాలు, కింద 'మెయిల్, ముట్టుకోవద్దు' అని రాసి ఉంది. అప్పట్లో కంప్యూటర్ చూసే కుర్రాడి రాత. ఆ కుర్రాడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు.

సీతమ్మధార_రిటైర్డ్:
అయితే ఇవాళ్టికి పని ఐదు నిమిషాలే. గూగుల్ ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) ఆన్‌లో ఉందో లేదో చూడండి, అది లేకపోతే యాప్ పాస్‌వర్డ్ ఆప్షనే రాదు. కొత్తది ఒకటి తీసి, ఖాళీలు లేకుండా అవుట్‌లుక్ డబ్బాలో కొట్టండి. అంతే.

మధురవాడ_కోడర్:
అంతే కాదు అంకుల్. విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగి ఏళ్లయింది, దాని మీద పదహారేళ్ల నాటి అవుట్‌లుక్. యాప్ పాస్‌వర్డ్‌తో మళ్లీ నడిపిస్తే ఇంకో శనివారం ఇదే గొడవ. పైగా కొత్తది కూడా అలా అట్టముక్క మీద రాస్తే, అది ఎవరి చేతిలో పడినా ఓటీపీ అవసరం లేకుండా మీ మెయిల్ అంతా చదివేయొచ్చు.

సీతమ్మధార_రిటైర్డ్:
తమ్ముడూ, కంటైనర్ పోర్టులో ఉంది. ఇవాళ మెయిల్ రానీ, రేపు సంస్కరణలు మొదలుపెడదాం.

గాజువాక_పాతకాపు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నా గోల కూడా ఇలాంటిదే. నాది విండోస్ లైవ్ మెయిల్ 2012, హాట్‌మెయిల్ ఖాతా. యాప్ పాస్‌వర్డ్ తీసి కొట్టినా ఒప్పుకోవడం లేదు. ఇంటర్నెట్‌లో 'కస్టమర్ కేర్' అని దొరికిన నంబర్‌కి ఫోన్ చేస్తే, స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేసుకోమన్నాడు. మా అమ్మాయి ఫోన్ లాక్కుని కట్ చేసింది.

మధురవాడ_కోడర్:
మీ అమ్మాయికి నా తరఫున స్వీట్ ఇవ్వండి. డబ్బులు ఏమైనా కట్ అయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇక మెయిల్ సంగతి. హాట్‌మెయిల్, అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు పాత పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్ 16తో ఆపేసింది. అక్కడ యాప్ పాస్‌వర్డ్ అనే దొడ్డిదారి కూడా మెయిల్ ప్రోగ్రాంలకు పనిచేయదు. లైవ్ మెయిల్‌కి సపోర్ట్ 2017 జనవరిలోనే పోయింది. దాన్ని వదిలేయడమే. కానీ అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందు అందులోని ఎక్స్‌పోర్ట్‌తో మెయిల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి తీసుకోండి. ఒక్కో మెయిల్ ఒక్కో ఈఎంఎల్ ఫైల్‌గా వస్తుంది, వాటిని థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం చదవగలదు.

వన్‌టౌన్_గుమాస్తా:
యాప్ పాస్‌వర్డ్ పనిచేసింది!! 143 మెయిల్స్ ఒక్కసారిగా దిగాయి. సారు టీ తెప్పించారు. ఇప్పుడు చెప్పండి బాబూ, కొత్తదానికి మారడం ఎలా? మాకు 2011 నుంచి మెయిల్స్ ఉన్నాయి. హుద్‌హుద్ తుఫానప్పుడు తడిసిపోయిన సరుకు తాలూకు ఇన్సూరెన్స్ ఉత్తరాలు కూడా ఇందులోనే ఉన్నాయి, అవి పోతే మాత్రం నన్ను ఉద్యోగంలో ఉంచరు.

మధురవాడ_కోడర్:
మీ ఖాతా పాప్ పద్ధతిలో (మెయిల్స్‌ని కంప్యూటర్‌లోకి దించుకునేది) ఉందా, ఐమ్యాప్‌లో (సర్వర్‌లోనే ఉంచి చూసేది) ఉందా చూడండి. పాప్ అయితే పాత మెయిల్స్ సర్వర్‌లో ఉండకపోవచ్చు, ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి.

వన్‌టౌన్_గుమాస్తా:
పాప్ అని ఉంది. అవుట్‌లుక్ మెయిల్స్ అన్నీ దాచే పీఎస్‌టీ ఫైల్ 11 జీబీ చూపిస్తోంది.

మధురవాడ_కోడర్:
ఇక్కడే తొందరపడొద్దు. అవుట్‌లుక్ పూర్తిగా మూసేసి, ఆ పీఎస్‌టీని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఒకటి కాదు, రెండు కాపీలు. దాన్నంతా జీమెయిల్‌లోకి ఎక్కిద్దామని మాత్రం అనుకోకండి. ఉచిత ఖాతాకి 15 జీబీ ఇస్తారు, అందులోనే డ్రైవ్, ఫోటోలు కూడా సర్దుకోవాలి.
కొత్త కంప్యూటర్ కొనేదాకా ఇదే మెషీన్‌లో థండర్‌బర్డ్ 115 వేసుకోవచ్చు. విండోస్ 7 మీద నడిచే చివరిది అదే, తర్వాత వచ్చిన 128కి విండోస్ 10 కావాలి. మీ అవుట్‌లుక్ 32 బిట్ అయితే థండర్‌బర్డ్ కూడా 32 బిట్‌దే తీసుకోండి, లేకపోతే ఇంపోర్ట్ మొరాయిస్తుంది. ఇంపోర్ట్ అయ్యేదాకా అవుట్‌లుక్‌ని తీసేయకండి, దాని సాయంతోనే పాత మెయిల్స్ లోపలికి వస్తాయి.

అక్కయ్యపాలెం_ఆడిట్:
థండర్‌బర్డ్ మాటొచ్చింది కాబట్టి నా అనుభవం. మా ఆఫీసులో చాలా పాత 32 బిట్ థండర్‌బర్డ్ ఉండేది. ఓఆత్ కోసం కొత్త 64 బిట్ వేశాను. తెరిస్తే ఖాళీ! ఒక్క మెయిల్ లేదు. రిటర్నుల చివరి వారం. కళ్లు తిరిగాయి. తీరా చూస్తే మెయిల్స్ ఎక్కడికీ పోలేదు. కొత్తది వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయి, తనకంటూ కొత్త ప్రొఫైల్ (మెయిల్స్, సెట్టింగ్స్ ఉండే ఫోల్డర్) సృష్టించుకుంది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్తే ప్రొఫైల్స్ లింకు ఉంటుంది. పాత ప్రొఫైల్‌ని డిఫాల్ట్‌గా పెట్టి మళ్లీ తెరిస్తే అన్నీ ఉన్నాయి. ఖాళీగా కనిపించింది కదా అని కంగారులో ఏదీ డిలీట్ చేయకండి.

గాజువాక_పాతకాపు:
నేనూ థండర్‌బర్డ్‌కి మారాను. మెయిల్స్ వస్తున్నాయి కానీ పంపితే పోవడం లేదు. ఏటిది?

అక్కయ్యపాలెం_ఆడిట్:
అవుట్‌గోయింగ్ సర్వర్ సెట్టింగ్ వేరుగా ఉంటుంది గురువుగారూ. వచ్చే మెయిల్‌కి అథెంటికేషన్ మెథడ్ ఓఆత్ 2 అని మార్చి, పంపేదానికి నార్మల్ పాస్‌వర్డ్ అనే వదిలేసి ఉంటారు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమవైపు అట్టడుగున ఉంటుంది, చాలామంది అక్కడిదాకా దిగరు. దాన్నీ ఓఆత్ 2 చేయండి. సేవ్ అయిన పాత పాస్‌వర్డ్‌లు తీసేయండి. లాగిన్ కిటికీ తెల్లగా ఉండిపోతే ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీస్ ఆన్ చేయండి.

గాజువాక_పాతకాపు:
పోయింది! అదే, మెయిల్ వెళ్లింది అని. మా అల్లుడికి 'ఉగాది శుభాకాంక్షలు' అని పంపాను, పండగ ఎప్పుడో అయిపోయినా.

వన్‌టౌన్_గుమాస్తా:
ఆదివారం ఆఫీసు తెరిపించి కూర్చున్నాను. మొదటి గంట తేదీకే పోయింది. కంప్యూటర్‌లో 2009 జనవరి అని ఉంది, లాగిన్ పేజీ తెరిస్తే సర్టిఫికెట్ తప్పు అంటుంది. డాబా గార్డెన్స్ వెళ్లి మదర్‌బోర్డ్ మీద ఉండే బిళ్ల బ్యాటరీ తెచ్చాను. పాతదాని చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. హార్బర్ పక్కన ఆఫీసు, ఉప్పుగాలి, ఇంక అనడానికేముంది. తేదీ సరిచేశాక గూగుల్ పేజీ వచ్చింది, ఫోన్‌లో అవునన్నాను, అంతే. ఇంపోర్ట్‌కి నాలుగు గంటలు పట్టింది. హుద్‌హుద్ ఉత్తరాలు ఉన్నాయి, తెరిచి చూసుకున్నాను. ఆ తర్వాత బాబు చెప్పిన భయంతో యాప్ పాస్‌వర్డ్ రద్దు చేసి, అట్టముక్క చింపేశాను.
సోమవారం పొద్దున్నే ఇంకో గొడవ. మా స్కానర్ కాగితాన్ని స్కాన్ చేసి నేరుగా మెయిల్‌కి పంపేది. సారు పాస్‌వర్డ్ మార్చినప్పటి నుంచే అది ఆగిపోయిందట, ఇన్నాళ్లూ నేను చూసుకోలేదు.

సీతమ్మధార_రిటైర్డ్:
దాంట్లో కూడా ఆ అట్టముక్క పాస్‌వర్డే ఉండి ఉంటుంది. స్కానర్ లాగిన్ పేజీలు తెరవలేదు కదా. దానికి మాత్రం వేరే యాప్ పాస్‌వర్డ్ తీసి, పేరు దగ్గర 'స్కానర్' అని రాసుకోండి. మళ్లీ అట్టముక్క మీద రాయకండి.

మధురవాడ_కోడర్:
ఈ ఒక్కదానికి నేను కూడా ఒప్పుకుంటాను.

వన్‌టౌన్_గుమాస్తా:
పెట్టాను. మొదటి పేజీ మెయిల్‌కి వచ్చింది, తలకిందులుగా. అది మా అటెండర్ పెట్టిన తీరు, దానికి మీ సాయం అక్కర్లేదు.